తోడికోడలి కుక్క

సోఫాలకు గలీబులు కుట్టే పెద్దకోడలికి లోకంలో ఎవరిమీదా ఈర్ష్య లేదు, ఒక్క తోడికోడలి మీద తప్ప. ఆ ఒక్కదానితోనే కడుపు నిండిపోయేది, ఇంకొకరికి చోటెక్కడ? కింది వాటాలో తను, పై వాటాలో చిన్నది. ఒకే ఈతలో పుట్టిన కుక్కపిల్లల్ని చెరొకటి తెచ్చుకున్నారు. గుడ్డపీలికల మీద పడి నిద్రపోయేది కనుక కిందిది బొంత అయింది. పైవాడు సిపాయి.

చిన్నది కోడిమాంసం కొట్లో పనిచేస్తుంది. ఏడాదిగా సిపాయికి తాజా మాంసం, కార్జం, అన్నీ పచ్చివే పెడుతోంది. వాడి ఒళ్లు నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. బొంతకు ఇంట్లో మిగిలిన అన్నం, పొట్లాల్లో అమ్మే కుక్కతిండి గుళికలు. అది కుట్టుమిషను కింద పడుకుని వదిలే గాలికి, గుడ్డ ఎంచుకోవడానికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని ఏదో ఒక రంగు చెప్పి వెళ్లిపోయేవారు.

అన్నిటికన్నా పొద్దుటి షికారు ఆమెకు గుండెల్లో కుంపటి. సిపాయి విడిచింది చిన్నగా, గట్టిగా ఉండేది. చిన్నది వయ్యారంగా వంగి, సంచిలో వేసి, ముడేసి నడిచేది. బొంత వెనక పెద్దామె కాగితాలు పట్టుకుని రోడ్డు తుడవాల్సి వచ్చేది.

"పక్కవాళ్ల నగలు చూసి కుళ్లుకునేవాళ్లున్నారు గానీ, కుక్క పెంట చూసి కుళ్లుకునేదాన్ని నిన్నే చూశా" అన్నాడు భర్త. ఆమెకు నవ్వు రాలేదు.

ఆమె చూపులు చిన్నదీ కనిపెట్టింది. "నువ్వూ పెట్టి చూడక్కా. కాకపోతే ఒక్కసారే వద్దు. పాత తిండిలో చెంచాడు కలుపు. పొట్ట అలవాటు పడ్డాక కాస్త పెంచు. మాంసం మాత్రం మా కొట్లోదే తీసుకో, అప్పుడే కోసింది ఇస్తా."

"చూద్దాంలే" అంది పెద్దామె. అసూయకు చెవులు లేవని కాదు, విన్నదాన్ని తనకు కావలసినట్టు కత్తిరించుకుంటుంది. నా కుక్క తన కుక్కను అందుకోకూడదనే ఈ చెంచాల లెక్క అనుకుంది. అయినా గలీబు మార్చడమంటే పాతది లాగేసి కొత్తది తొడగడమే. సగం పాతది, సగం కొత్తది ఎవరుంచుతారు?

చిన్నదానికి తెలియకూడదని దూరంగా ఉన్న కొట్లో మాంసం కొంది. ఎండలో సంచి పట్టుకుని, దారిలో రెండిళ్లకు గలీబులిచ్చి, తీరిగ్గా ఇల్లు చేరింది. బొంత గిన్నె అడుగు దాకా నాకింది. ఆమెకు కడుపు చల్లబడింది.

మర్నాటికి బొంత కక్కింది. విరేచనంలో రక్తం పడింది. మధ్యాహ్నానికి తల ఎత్తలేకపోయింది. స్కూటరు నడపడం ఇంట్లో చిన్నదొక్కదానికే వచ్చు. వెనక కూర్చుని, బొంతను ఒళ్లో పెట్టుకుని, ఏ వీపు చూస్తే మండేదో ఆ వీపుకే ఆనుకుని పెద్దామె ఆసుపత్రికి వెళ్లింది.

"నిన్న ఏం పెట్టారు?" అడిగింది డాక్టరమ్మ.

"రోజూ పెట్టేదేనండి."

పక్కన చిన్నది నిలబడి ఉంది మరి. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. "ఏదైనా విషం తిందేమో. విరుగుడు మందు మొదలుపెట్టాలంటే నాకు సరిగ్గా తెలియాలి."

బొంత కళ్లు తేలేసింది. పెద్దామె నేల చూస్తూ అంది, "పచ్చి కోడి. గిన్నె నిండా. ఒక్కసారే. ఎండలో తిప్పిన మాంసం."

"ఒకదానికి పడింది ఇంకోదానికి పడాలని లేదమ్మా" అంది డాక్టరమ్మ, సెలైను ఎక్కిస్తూ. "పైగా పచ్చిదాంట్లో క్రిములుంటాయి, ఎండ తగిలితే ఇంకా పెరుగుతాయి. తేరుకున్నాక ఉడికించిన కోడి, మెత్తటి అన్నం, కొంచెం కొంచెంగా పెట్టండి."

చిన్నది వంగి బొంత తల నిమిరింది. నేను చెప్పానుగా అని దెప్పి ఉంటే పెద్దామె పోట్లాడి తేలికపడేది. ఆ అదృష్టమూ లేకపోయింది.

ఇంటికొచ్చాక బొంత ఆమె చేతి ముద్ద ముట్టలేదు. బతిమాలింది, ఏడ్చింది. రెండో రోజు ఇవ్వాల్సిన గలీబులిచ్చి తిరిగొచ్చేసరికి చిన్నది కింది వాటాలో నేల మీద కూర్చుని ఉంది.

"తిన్నది అక్కా. రెండు ముద్దలు."

"ఎవరి చేత్తో?"

ఆ మాటే ముందొచ్చింది. "నా చేత్తోనే" అంది చిన్నది మెల్లగా. పెద్దామె గబగబా చేయి కడుక్కుని, మరో ముద్ద కలిపి, బొంత మూతి దగ్గర పెట్టింది. అది వాసన చూసి తల తిప్పుకుంది. ఇంకో చేత్తో దాని దవడ పట్టుకోబోయింది.

"కడుపు నిండిందక్కా దానికి" అంది చిన్నది.

పెద్దామె గుండె భగ్గుమంది. అలా మండుతుండగానే దవడ వదిలేసి, ముద్ద తిరిగి గిన్నెలో పెట్టేసింది.