వార్నిష్ పూయని పలక

దయ్యాలను, మహిమలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. కానీ నిర్మల్‌లో మా ఇంటి పలక గురించి నోటికి వచ్చినట్లు చెప్పుకుంటున్నారు. అది సహించలేక, జరిగింది జరిగినట్లు రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా తమ్ముడు రాజన్న నాలాగే బొమ్మల పని చేసేవాడు. అమ్మకానికి జింకలు, పూలు వేసేవాడు. ఇంట్లో మాత్రం నల్లరంగు పూసిన ఒక కొయ్య పలక మీద ముదురాకుపచ్చను పలచగా అద్దుతూ కూర్చునేవాడు. దూరం నుంచి అది వట్టి నల్లపలక. కిటికీ వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు ముఖం దగ్గరగా పెట్టి చూస్తేనే, ఎడమ అంచున నాచులాంటి మరక ఒకటి తేలేది. అదేమిటని అడిగితే నవ్వి మళ్లీ కుంచె అందుకునేవాడు.

ఒక వానాకాలం బొమ్మల కొయ్య కోసం అడవికి వెళ్లి తమ్ముడు తిరిగి రాలేదు. వాగు దగ్గర విడిపోయామని తోడు వెళ్లినవాళ్లు అన్నారు. ఠాణాలో రాసుకున్నారు, అంతే! గూడేలన్నీ నేనే తిరిగాను.

మరదలు లచ్చవ్వ పొద్దంతా ఆ పలక ముందే కూర్చునేది. పక్కింటి ముసలామె ఎత్తిపొడిచింది: "గా నల్లపలకల ఏం జూస్తవే? నీ మొగడు అండ్లకెల్లి దిగొస్తడా?"

"నడుస్తుండు పెద్దవ్వా" అన్నది లచ్చవ్వ. నా వైపు తిరిగి, "బావా, జర నువ్వన్న చూడు. మరక నడిమికొచ్చింది" అన్నది.

నాకు కోపం వచ్చింది. ఆమె భ్రమ వదిలించాలని మరక కుడి కొసకు ఎదురుగా చట్రానికి మేకు కొట్టాను. కొన్నాళ్లకు మరక మేకును దాటింది. చెమ్మ వల్ల రంగు వెలిసిందందామా? వెలిస్తే ఉన్నచోటే వెలిసిపోవాలి గానీ జరగదు కదా!

మా పనిలో వార్నిష్ ఆఖరిది. అది పూశాక బొమ్మను ఇక ముట్టరు. తమ్ముడే వచ్చి పూయాలని లచ్చవ్వ ఆ పలకను ఎవరినీ తాకనివ్వలేదు. తడి వార్నిష్ కింద ఎంత పలచటి రంగైనా పైకి తేలుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

కుడి అంచున మరక కానరాకుండా పోయిననాడు ఆమె కుంచె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పూయి బావా. ఉంటే కనవడ్తడు."

పూశాను. పలక అద్దంలా మెరిసింది. పచ్చదనం జాడైనా లేదు. అందులో మా ఇద్దరి ముఖాలే కనిపించాయి.

లచ్చవ్వ మేకును తానే ఊడబీకింది. తమ్ముడి సంగతి ఏమన్నా తెలిసిందా అని ఆ తర్వాత నన్నెప్పుడూ అడగలేదు. అడవి నుంచి కబురూ రాలేదు.

ఎవరూ చెరపని రంగు ఎటు పోయిందో పనివాళ్లెవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను. కట్టుకథ అనేవారు వచ్చి చూసుకోవచ్చు. చట్రానికి మేకు దిగిన గుంత ఇంకా ఉంది.