నాలుగూళ్ళ పెట్టె, శ్యామ్ బాబు గారి పరామర్శ

శ్యామ్ బాబు గారికి మనిషి ఎదురైతే చాలు, "ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడుగుతారు. అందులో తప్పేముంది, మర్యాదస్తుడు అని మీరనుకోవచ్చు. కానీ చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకీ కలిపి ఉన్న ఒకే ఒక్క ఫ్రీజర్ పెట్టె ఆయన ఇంట్లో ఉంటుంది. పోయినవాళ్ళను, దూరాన ఉన్న బంధువులు వచ్చేదాకా, పడుకోబెట్టే పెట్టె. దాని తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతూ, మిమ్మల్ని తల నుంచి పాదాల దాకా ఒకసారి చూసి, "నిద్ర సరిగ్గా పడుతోందాండీ?" అని ఆయన అడిగారంటే, అంతవరకూ పడుతున్న నిద్ర కూడా ఎగిరిపోతుంది.

నేను చినమెరక పంచాయతీ కార్యదర్శిని. ఆ పెట్టె రావడంలో నా చెయ్యి కూడా ఉంది కనుక ఈ పాపంలో నాకూ వాటా ఉంది. మావి నాలుగూ చిన్న పంచాయతీలు. ఏ ఒక్కదానికీ సొంతంగా పెట్టె, దాన్ని తీసుకెళ్ళే బండి కొనే స్తోమత లేదు. ఎవరైనా పోతే పెట్టె రావులపాలెం నుంచి రావాలి. అది వచ్చేలోపు హైదరాబాదులో బయలుదేరిన బంధువులే వచ్చేసేవారు. చివరికి నాలుగు పంచాయతీలూ కలిసి ఉమ్మడిగా కొన్నాయి. కొనడం వారంలో అయిపోయింది. బండి మీద ఏం రాయించాలన్నదానికి మాత్రం మూడు నెలలు పట్టింది. ఒకరు వైకుంఠం అన్నారు, ఇంకొకరు పరలోకం అన్నారు. గొడుగులంక సర్పంచ్ వీరవెంకటరమణ గారు, "ఎక్కడికెళ్తారో మనకెందుకండీ, బయలుదేరేరని రాస్తే చాలదా" అన్నాక 'అంతిమ యాత్ర' దగ్గర రాజీ కుదిరింది.

అప్పుడు అసలు చిక్కొచ్చింది. పెట్టె మీద తమ ఊరి పేరుండాలి, పెట్టె మాత్రం పక్క ఊళ్ళో ఉండాలి అన్నది నలుగురు సర్పంచుల ఏకాభిప్రాయం. ఆ రోజు వీధిదీపం సంగతి చెప్పడానికి వచ్చిన శ్యామ్ బాబు గారు బల్ల మీంచి లేచారు. ఆయన రిటైరైన లైన్‌మన్.

"ఆయ్, మా ఇంట్లో పెట్టేయండి. నాకు కరెంటు పని తెలుసండీ, బండి తోలడమూ వచ్చండీ. జీతమేం వద్దండీ, పెన్షనొస్తోంది."

నలుగురు సర్పంచులూ ఆయన మాట మార్చేలోపు సంతకాలు పెట్టేశారు. పెట్టెను దింపిన రోజు వాళ్ళావిడ జ్ఞానమ్మ గారు నన్ను పక్కకి పిలిచారు.

"పెద్ద ఫ్రిజ్ కొనండీ అని ఇరవయ్యేళ్ళ నించీ అడుగుతున్నానమ్మా. ఇదిగో, తెచ్చేరు."

ఆ తర్వాత మొదలైంది పరామర్శ. మర్నాటి నుంచీ శ్యామ్ బాబు గారు పొద్దున్నే సైకిలెక్కి నాలుగు ఊళ్ళూ తిరిగేవారు. టీ కొట్టు దగ్గర ఆయన సైకిల్ బెల్లు వినపడితే దగ్గేవాళ్ళు దగ్గు మింగేసేవారు. చేతికర్ర లేనిదే అడుగు వెయ్యలేని వెంకన్న గారు కర్రను చంకలో పెట్టుకుని, ఛాతీ విరుచుకుని, కవాతు చేస్తున్నట్టు నడిచేవారు. ఒక పెళ్ళిలో ఈయన వెళ్ళి పెళ్ళికూతురి తాతగారి పక్కన కూర్చున్నారు.

"ఆయాసం ఎప్పట్నించండీ?"

"ఇప్పుడే. మీరొచ్చి కూర్చున్న దగ్గర్నించి."

అందరికన్నా గట్టిగా ఎదురుతిరిగింది మహాలక్ష్మమ్మ గారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఆరెకరాల కొబ్బరితోటను ఇప్పటికీ తనే చూసుకుంటారు. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉండగా ఈయన సైకిల్ దిగారు.

"శ్యామ్ బాబు గారూ, నేనింకా పదిహేనేళ్ళుంటాను. మీ పెట్టె ఇంకెవరికైనా చూసుకోండి."

"ఆయ్, అలాగే ఉండండమ్మా. ఆ పాదాలు వాచినట్టున్నాయి, ఎన్నాళ్ళ నించండీ?"

ఆవిడ పాదాలు చీరకుచ్చిళ్ళ కింద దాచేసుకుని, ఈయన వెళ్ళాక వాకిట్లో పసుపునీళ్ళు చల్లించారు.

ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. మొన్న జరిగిన నాలుగు పంచాయతీల ఉమ్మడి సమావేశంలో వీరవెంకటరమణ గారు లేచి నిలబడ్డారు. ఆ సమావేశం మా ఆఫీసులోనే. కుళాయి నీళ్ళు రావడం లేదని చెప్పడానికి మహాలక్ష్మమ్మ గారు, వెంకన్న గారు కూడా వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు.

"సెక్రటరీ గారండీ, నాదొక ఫిర్యాదండీ. శ్యామ్ బాబు గారి పలకరింపులకి జడిసిపోయి మా మావగారు పది రోజులుగా వీధిగుమ్మం దాటట్లేదు. అదొకటి. ఈ నెల్లో నాలుగూళ్ళలోనూ పోయింది ఒక్కరే. మన బండి మాత్రం అమలాపురం పదకొండుసార్లు వెళ్ళింది. మా కొబ్బరి లారీ డ్రైవరు కళ్ళారా చూసేడు. ఎందుకెళ్ళిందో చెప్పమనండి. చెప్పకపోతే ఈ ఉమ్మడిలోంచి గొడుగులంక తప్పుకుంటుంది."

గొడుగులంక తప్పుకుంటే మిగతా మూడూ ఆ బండిని నడపలేవు. మళ్ళీ రావులపాలెం వైపు చూడాల్సిందే. 

"బండి వెళ్ళిందాండీ?" అని గోడవార కూర్చున్న శ్యామ్ బాబు గారిని అడిగాను.

"ఆయ్, వెళ్ళిందండీ."

"ఎవరిని తీసుకెళ్ళారు?"

"అది చెప్పకూడదండీ, మేడమ్ గారూ. ఎవరికీ చెప్పనని మాటిచ్చేను."

నాలుగూళ్ళలో ప్రతి మనిషినీ నిద్ర దగ్గర్నుంచి పాదాల వాపు దాకా విచారించే మనిషి, తనని అడిగితే మాత్రం నోరు విప్పరు. బండిని సొంతానికి వాడుకుంటే బాధ్యత నుంచి తప్పించాలన్నది మేము రాసుకున్న నిబంధన. ఆ ముక్క చదవడానికి నేను కాగితం తీశాను. తల వంచుకుని కూర్చున్న ఆయన్ని చూసి, చదవకుండా చేతిలోనే పట్టుకున్నాను.

వెనక బల్ల చప్పుడైంది. వెంకన్న గారు లేచారు, కర్ర నేలకి ఆనించుకుని మరీ.

"పదకొండులో మూడు నావండి. షుగరని తేలింది. నేనే చెప్పొద్దన్నాను."

అందరూ అటు తిరిగారు. ఆయన వెనకే మహాలక్ష్మమ్మ గారు కూడా లేచారు.

"నన్ను రెండుసార్లు తీసుకెళ్ళేరు. ఆవేళ తిట్టి పంపించేక పాదం నొక్కి చూసుకున్నాను. గుంట పడింది, ఎంతకీ పూడలేదు. మర్నాడు నేనే కబురెట్టేను. గుండెకి మందులిచ్చేరు. ఆటోలో వెళ్తే నడుం విరిగిపోద్దయ్యా, ఈ బండిలో కుదుపే లేదు. బతికుండగా దీన్నెక్కేనని తెలిస్తే మా కోడలు గుమ్మంలోకి రానివ్వదని నేనే ఒట్టేయించుకున్నాను."

తర్వాత వీరవెంకటరమణ గారి వైపు తిరిగారు.

"మీ మావగారు గుమ్మం దాటకపోవడం జడుపు వల్ల కాదు నాయనా. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను, ఆయన వెనకాల పడుకునొచ్చేరు."

"వెనకాలంటే… పెట్టె పెట్టే చోటాండీ?"

"పెట్టె దింపేసేరులే. శుభ్రమైన దుప్పటేసేరు."

 సర్పంచ్ గారు గొంతు తగ్గించి, "నాకొక్కడికైనా చెప్పకూడదాండీ?" అని శ్యామ్ బాబు గారిని అడిగారు.

"మీ పనుల్లో మీరుంటారు, కంగారు పడతారని ఆయనే వద్దన్నారండీ," అన్నారు శ్యామ్ బాబు గారు. ఇంక దాచడానికేమీ మిగలలేదు కాబట్టి, మిగతాదీ ఆయనే చెప్పారు. "పెట్టె కొన్న కొత్తల్లో ఒకరింటికి పట్టుకెళ్ళేనండీ. రెండు వారాల నించీ కాళ్ళు వాచేయి, అందరం చూసేం, ఎవరం అడగలేదు అని ఆ ఇంటావిడ ఏడిచింది. పెట్టె పట్టుకెళ్ళి అడిగేకన్నా ముందే అడిగితే మంచిది కదాండీ. అది ఖాళీగా ఉందంటేనే నాకు అన్నం సయిస్తుందండీ."

నేను తీసిన కాగితం మడిచి చేతిసంచిలో పెట్టేశాను. వీరవెంకటరమణ గారే తీర్మానం ప్రతిపాదించారు. పెట్టెతో పని లేని సోమవారాల్లో బండి నాలుగూళ్ళ పెద్దవాళ్ళనీ అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకురావాలి, వెనక రెండు బల్లలు బిగించాలి, డీజిలు నాలుగు పంచాయతీలూ భరించాలి. పేరు గురించి ఈసారి ఎవరూ నోరెత్తలేదు. మళ్ళీ మూడు నెలలు వాదించుకునే ఓపిక ఎవరికీ లేదు.

మొదటి సోమవారం నేనూ వెళ్ళాను. వెనక బల్లల మీద ఆరుగురు, ఒళ్ళో మందుల చీటీలు, పులిహోర డబ్బాలు. బండి మీద 'అంతిమ యాత్ర' అన్న అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. అంబాజీపేట దాటాక, ఎదురుగా వస్తున్న ఒకాయన మమ్మల్ని చూసి స్కూటరాపి, చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని భక్తిగా దణ్ణం పెట్టాడు. మహాలక్ష్మమ్మ గారు కిటికీ అద్దం జరిపి, చెయ్యి బయటకి చాపి, "చల్లగా ఉండు నాయనా" అని దీవించారు. ఆయన కళ్ళు తెరిచి చూసి, స్కూటరూ చెప్పులూ అక్కడే వదిలేసి కొబ్బరితోటలోకి పరుగెత్తాడు.

"అమ్మా, చెయ్యి లోపల పెట్టుకోండి. జనం జడుసుకుంటున్నారండీ," అని బతిమాలారు శ్యామ్ బాబు గారు.

ఆవిడ రెండో చెయ్యి కూడా బయటపెట్టారు.