నేను టిక్కు తీసేసిన రంగు

ఈరోజు మధ్యాహ్నం చర్చి గేటు ముందు నిలబడి, ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న నా భార్యకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అరిచాను. ఆమె చేతులకు గ్లౌజులున్నాయట. పక్కనున్న సిస్టర్ ఫోనెత్తి స్పీకర్‌లో పెట్టింది. ఆ సంగతి నాకు తెలియదు. తెలిసుంటే గొంతు తగ్గించేవాణ్ణేమో. అంటే నా కోపానికి ఎవరు వింటున్నారో చూసుకునే తెలివి ఉంది. వినేది భార్య ఒక్కతే అయితే ఆ తెలివి అక్కర్లేదనుకుంటుంది. ఇది రాస్తుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది. మధ్యాహ్నపు మంట ఆమె మీద. ఇప్పటిది నా మీద.

మా ఇంటికి క్యాలెండర్ తెచ్చింది నేనే. ఇందిరాపురంలో మా ఫ్లాట్. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వేళాపాళా లేని మీటింగులు. ఆమె ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీ వారానికో రకంగా మారుతుంది. మధ్యలో ఐదో క్లాసు చదివే మా పాప. ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉంటారో తెలియక రోజూ చిరాకులే. అందుకని ఫ్రిజ్ పక్కన గోడకు ఒక టాబ్ బిగించి, దాన్నీ మా ఫోన్లనూ కలిపాను. నా పనులు నీలం రంగులో, పాపవి పసుపు, ఆమెవి ముదురు ఎరుపు. టాబ్ మీద ఆమె ఏం రాసినా ఆమె ఎరుపులోనే పడుతుంది, వెంటనే నా ఫోన్‌లో కనపడుతుంది. ఇంత చక్కగా అమర్చానని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించాను.

చూపించడంతో ఆగితే బాగుండేది. అప్పటినుంచీ ఆమె ఏం చెప్పబోయినా నా నోట ఒకటే మాట: "పెట్టావా క్యాలెండర్‌లో?"

"ఎదురుగా ఉన్న మనిషికి చెబితే చాలదాండీ? గోడక్కూడా చెప్పాలా?" అనేది ఆమె.

"నేను మర్చిపోతాను. గోడ మర్చిపోదు," అనేవాణ్ణి. అలా అని మురిసిపోయేవాణ్ణి కూడా.

మా తెలుగు సంఘానికి ఢిల్లీలో సొంత కట్టడం లేదు. వేరే సంఘంవాళ్ళ చర్చిలో, వాళ్ళ ఆరాధనలన్నీ అయ్యాక, ఆదివారం మూడింటికి మాకు హాలు ఇస్తారు. ఈ వారం అక్కడ వాక్యభాగం చదివే వంతు మా పాపది. తెలుగులో చదవడం తనకిదే మొదటిసారి. అది చిన్న విషయం కాదు. పాపకు తెలుగు అర్థమవుతుంది గాని జవాబు హిందీలో వస్తుంది. అక్షరాలు వాళ్ళమ్మ నేర్పింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, నిద్ర మానుకుని, దోసెలు పోస్తూ ఒత్తులు దిద్దించింది. 'ళ' పలకడానికి పాప నాలుక మడవలేక విసుక్కుంటే, అట్లకాడ పట్టుకునే నవ్వి మళ్ళీ చెప్పించింది. తీరా ఆ ఆదివారం ఆమెకు సెలవు దొరకలేదు. "డాడీ వీడియో తీస్తారు, నేను టీ టైంలో చూసుకుంటాను," అని పాపకు మాటిచ్చింది.

గురువారం నేను ల్యాప్‌టాప్ ముందు ఉండగా వచ్చి నిలబడింది.

"ఏమండీ, ఈ ఆదివారం మనకి హాలు మూడింటికి కాదంట. ఆ సంఘంవాళ్ళ పెళ్ళి ఏదో ఉందంట, మనల్ని ముందుకి జరిపారు."

"క్యాలెండర్‌లో పెట్టు."

"పెడతాన్లెండి. ఒకసారి వినొచ్చు కదా."

"పెడితే చాలు. చెప్పిందే చెప్పకు."

చెప్పిందే చెప్పలేదు. నా మాట అక్షరాలా పాటించింది.

ఈరోజు నేను లేచేసరికే ఆమె డ్యూటీకి వెళ్ళిపోయింది. పాప స్నానం చేసి, తనే రెండు జడలు వేసుకుని, కొత్త గౌను తొడుక్కుని హాల్లో కూర్చుంది. ఒక జడ పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి.

"డాడీ, చలో నా. మమ్మీ నే బోలా జల్దీ జానా హై."

మమ్మీ తొందరగా వెళ్ళమందట. నేను ఫోన్ తీసి చూపించాను. నీలం రంగులో చర్చి, మూడు గంటలు. ప్రతి ఆదివారం దానంతటదే వచ్చేలా ఎప్పుడో నేనే పెట్టుకున్నది.

"చూడు. మూడింటికి."

"పర్ మమ్మీ నే బోలా..."

"మీ మమ్మీకి అన్నింటికీ తొందరే. నేను చెబుతున్నాను కదా."

పాప ఫోన్ వైపు చూసి గౌను సర్దుకుంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి గోడ మీది టాబ్ చూస్తే సరిపోయేది. లేవలేదు. రెండింటిలోనూ ఉండేది ఒకటేనని అంత ధీమా. పాప బట్టలు నలగకుండా కుర్చీ అంచున కూర్చుని ఉంటే, నేను తీరిగ్గా రెండోసారి కాఫీ తాగాను.

మేం వెళ్ళేసరికి చర్చి మెట్ల మీద డెకరేషన్ వాళ్ళు తెల్లపూల బుట్టలు మోస్తున్నారు. మనవాళ్ళు కొందరు గేటు దగ్గర ఆటో కోసం చూస్తున్నారు. మా సంఘంలో పెద్దావిడ, అందరికీ ఆంటీ, పాపను చూసి బుగ్గ పట్టుకుంది.

"అయ్యో, ఇప్పుడా బాబూ రావడం? ఆరాధన ఎప్పుడో అయిపోయింది. పాపని రెండుసార్లు పిలిచారు. భయపడి రాలేదేమోలే అనుకున్నాం. ఏం ఫర్వాలేదమ్మా, పెద్దవాళ్ళకే కాళ్ళు వణుకుతాయి."

"మై డరీ నహీ థీ," అంది పాప, తన బూట్ల వైపు చూస్తూ. భయపడలేదని.

ఆంటీకి వినపడలేదు. నాకు వినపడింది. ఆ క్షణంలో వంగి పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యాల్సినవాణ్ణి, ఆ చేత్తో ఫోన్ తీశాను.

"నీకు ఒక్క పని సరిగ్గా చేతనవుతుందా? టైం మారితే క్యాలెండర్‌లో పెట్టాలని తెలీదా? వార్డులో పేషెంట్లకి మందులూ ఇలాగే ఇస్తావా?"

అవతల ఆమె గొంతు, చాలా మామూలుగా: "పెట్టానండీ. గురువారమే పెట్టాను. పేషెంటు దగ్గరున్నాను, ఉంటాను."

దారంతా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ముందు బండివాణ్ణి తిట్టాను, హైవేని తిట్టాను, ముందుగా ఎవరూ ఫోన్ చెయ్యలేదని సంఘాన్ని తిట్టాను. పాప కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంటికెళ్ళి బూట్లతోనే వంటింట్లోకి నడిచాను. టాబ్ మీద ఉంది. ముదురు ఎరుపులో: 'చర్చి ఈ వారం పన్నెండున్నరకి. పాప వాక్యం. వీడియో మర్చిపోకండి.' ఫోన్‌లో చూశాను. లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగానే సంతోషం వేసింది. నేరస్థుడు దొరికాడు. టాబ్‌లో రాసింది ఫోన్‌కు రాలేదు, అంతే. నా తప్పూ కాదు, ఆమె తప్పూ కాదు, సింక్ కాలేదు! రెండూ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. వైఫై తీసి పెట్టాను. ఎర్రగీత రాదు. ఇంత డబ్బు పోసి కొన్న దరిద్రపు వస్తువని టాబ్‌ను గోడ నుంచి పీకినంత పని చేశాను.

అప్పుడు ఫోన్‌లో పక్కనున్న మెనూ తెరిచాను. మా ముగ్గురి పేర్లు, ఒక్కో పేరు పక్కన చిన్న గడి. నాది నీలం, టిక్కు ఉంది. పాపది పసుపు, టిక్కు ఉంది. ఆమెది ఖాళీ.

ఖాళీ చేసింది నేనే. పోయిన నెల క్లయింట్లతో మీటింగులో నా ఫోన్ స్క్రీన్ అందరికీ చూపిస్తుండగా ఆమె నైట్ డ్యూటీ అలర్టు పైన టపీమని పడింది. ఎవరో నవ్వారు. నాకు నామోషీ అనిపించింది. మీటింగు అవగానే ఆ గడిలో టిక్కు తీసేశాను. మళ్ళీ పెట్టాలని అనుకున్నానో లేదో కూడా గుర్తులేదు.

సింక్ బాగానే ఉంది. ఆమె రాసినవన్నీ నా ఫోన్ దాకా వస్తూనే ఉన్నాయి. కనపడకుండా చేసుకున్నది నేను. అంతకన్నా మండే విషయం ఇంకొకటి. ఇన్నాళ్ళుగా ఆమె డ్యూటీలు ఒక్కటీ నా ఫోన్‌లో లేవు. ఆమె ఏ పూట వెళ్తుందో, ఏ పూట వస్తుందో లేదు. ఆ ఖాళీ నాకు తెలియనే లేదు. నా రోజుకు ఆమె రోజుతో పనే పడలేదన్నమాట. అన్నం వేళకు అన్నం ఉంది, పాపకు జడలున్నాయి, ఇంకేం చూసుకోవాలి!

టిక్కు పెట్టాను. తెరంతా ఎరుపు నిండిపోయింది.

పాపకు సారీ చెప్పాను. "ఠీక్ హై," అంది. ఠీక్ లేదని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం ఆమె డ్యూటీ దిగే వేళకు పాపను తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. ఆమె మామూలుగా మెట్రోలో వస్తుంది. మమ్మల్ని గేటు దగ్గర చూసి ఆగిపోయింది. పక్కనే ఇంకో సిస్టర్ ఉంది, వయసులో పెద్దది, కేరళావిడ. మధ్యాహ్నం ఫోనెత్తింది తనేనని ఆవిడే చెప్పింది. స్పీకర్ సంగతి నాకు అప్పుడు తెలిసింది.

హిందీలో ఆవిడతో చెప్పాను: మధ్యాహ్నం మీరు విన్నది తప్పు, ఈమె టైముకే పెట్టింది, నేనే నా ఫోన్‌లో ఆపుకున్నాను.

"అచ్ఛా," అందావిడ. "ఔర్ వో దవాయీ వాలీ బాత్?"

మందుల మాట. "అదీ తప్పే, సిస్టర్."

"ఇన్‌ఛార్జ్ మేడమ్ నే భీ సునా థా. అభీ ఊపర్ హీ హైఁ." ఇన్‌ఛార్జ్ కూడా విన్నారట, ఇంకా పైనే ఉన్నారట.

"వద్దండీ, పదండి ఇంటికి," అంది నా భార్య, బ్యాగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ. నేను పైకి వెళ్ళాను. ఇన్‌ఛార్జ్ మేడమ్ నిలబడే విన్నారు. కూర్చోమనలేదు. మా దగ్గర మందు తప్పు ఇవ్వడమనే మాట ఎవరూ కోపంలో కూడా అనరు, ఆ మాట మీద మనుషుల ఉద్యోగాలు పోతాయి, అన్నారు. నేను తలొంచుకుని విని, కిందికి వచ్చాను.

కారులో ఆమె ముందు సీట్లో కూర్చుంది.

"నా సంగతి తర్వాత చూద్దాం. పాపకేం చెప్పారు?"

"సారీ చెప్పాను."

"సారీ అంటే సరిపోయిందా? అక్కడ వాళ్ళందరూ ఏమనుకుంటున్నారు?"

వెనక నుంచి పాప: "సబ్‌కో లగా మై డర్ గయీ." తను భయపడిందని అందరూ అనుకున్నారట.

"వచ్చే వారం పాస్టర్ అంకుల్‌ని అడుగుతానమ్మా, నువ్వే చదువుదువు గాని," అన్నాను.

"నహీఁ చాహియే. వచ్చే వారం వేరేవాళ్ళది."

కారు పక్కకు తీసి ఆపాను. మా సంఘం వాట్సాప్ గ్రూప్ తెరిచి తెలుగులో రాయడం మొదలుపెట్టాను. అందరికీ వందనాలు. ఈరోజు పాప వాక్యం చదవలేకపోయింది. టైం మారిన సంగతి నాకు అందలేదు.

"ముఝే దిఖావో," అని పాప చెయ్యి చాపింది. ఫోన్ ఇచ్చాను. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివింది. చివర ఆగింది.

"మమ్మీ, అందలేదు మత్‌లబ్?"

"నహీఁ మిలా," అంది వాళ్ళమ్మ.

"మిలా తో థా! మమ్మీ నే బోలా థా. మైనే భీ బోలా థా."

అందింది కదా, మమ్మీ చెప్పింది, నేనూ చెప్పాను అని. ఫోన్ తీసుకుని ఆ వాక్యం చెరిపేశాను. టైం మారిందని నా భార్య చెప్పింది, పొద్దున్న పాప కూడా చెప్పింది, నేను వినలేదు అని రాశాను. పాప అందరికంటే ముందు తయారై కూర్చుంది, నేను ఆలస్యంగా తీసుకొచ్చాను, పాప భయపడలేదు అని రాశాను. మళ్ళీ ఇచ్చాను.

ఈసారి కూడా పైకే చదివింది. 'భయపడలేదు' దగ్గర తడుముకోలేదు. వాళ్ళమ్మ వెనక్కి తిరిగి, పాప పెదాల వైపే చూస్తూ వింది.

"అబ్ భేజో," అని ఫోన్ నా చేతిలో పెట్టింది పాప.

పంపించాను.