అవ్వ చేతికి తగిలిన బొప్పి

నా చిన్నప్పుడు పుంగనూరులో మా వీధిలో పుట్టిన పిల్లలందరికీ ఒకే అవ్వ నీళ్ళు పోసేది. కొంగు నడుముకు చుట్టుకుని, బాలింత ఉన్న ఇంటి పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు బారచాపి కూర్చునేది. ఆముదం పట్టించిన బిడ్డను ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి వీపు రుద్ది, వెల్లకిలా తిప్పి, తల గుండ్రంగా రావాలని ఒత్తి, వేడి నీళ్ళు ధారగా పోసేది. బిడ్డకు తొమ్మిదో నెల వచ్చేదాకా ఆ పని ఆవిడదే. నాకూ ఆవిడే పోసింది, నా తర్వాత ఆరేళ్ళకు పుట్టిన మా చెల్లికీ ఆవిడే పోసింది. మాకు ఏ చుట్టరికమూ లేదు. అయినా వీధి మొత్తం ఆవిడను అవ్వా అనే పిలిచేది.

నేను కుదురు లేని పిల్లను. ఈ మాట నేనంటున్నది కాదు, మా ఇంట్లో, బళ్ళో, వీధిలో అందరూ ముక్తకంఠంతో చెప్పేవాళ్ళు. పొయ్యి మీద పాలు చూడమంటే పాలు పొంగిపోయేవి, నేను గోడ మీద ఉండేదాన్ని. నెలకో పలక పోగొట్టేదాన్ని. అయివారు నన్ను బెంచీ ఎక్కించి నిలబెట్టేవారు, నేను అక్కడ కూడా ఒంటికాలి మీద ఆటలాడేదాన్ని. దెబ్బలు తిన్న ప్రతిసారీ రేపటి నుంచి బుద్ధిగా ఉండాలని నిజంగానే అనుకునేదాన్ని. రేపు వచ్చేసరికి ఆ అనుకున్నది ఎటుపోయేదో నాకే తెలిసేది కాదు.

మా చెల్లి నాకు పూర్తిగా ఎదురు. నాలుగేళ్ళు వచ్చినా అమ్మా అని పిలవలేదు. పిలిస్తే తిరిగి చూడదు, చూసినా కళ్ళలోకి చూడదు. చింతగింజలు ఇచ్చి కూర్చోబెడితే సాయంత్రం దాకా గడప పొడుగునా వరుసగా పేర్చేది. ఆ వరుసలో ఒక్క గింజ కదిలిస్తే చాలు, ఊపిరి ఆగిపోతుందేమో అన్నంతగా ఏడ్చేది. పిండిమర తిరిగే చప్పుడు వినబడితే రెండు చేతులతో చెవులు మూసుకుని మంచం కిందకు దూరేది. సంగటి వేలికి అంటుకుంటే కేకలు పెట్టేది. తినేది మజ్జిగన్నం ఒక్కటే. ఎత్తుకుని ముద్దు పెట్టుకోబోతే కట్టెలా బిగుసుకుపోయేది. మదనపల్లెలో ఒక డాక్టరు చూసి చెవులు బాగానే ఉన్నాయి, మాటలు మెల్లగా వస్తాయి అన్నాడు. దీనికి ఒక పేరుంటుందని ఆ రోజుల్లో మాకెవరికీ తెలియదు.

పేరు తెలియకపోయినా కారణం మాత్రం అందరికీ తెలుసు. మా అమ్మ కడుపుతో ఉండగా గ్రహణం నాడు గడప దాటిందని మా మేనత్త కనిపెట్టింది. అమ్మ బాలింతగా పథ్యం తప్పిందని ఒకరు, పిల్లను ఎత్తుకోకుండా నేలమీద వదిలేసిందని ఇంకొకరు అన్నారు. మా అమ్మ ఏ మాటకూ బదులు చెప్పేది కాదు. తాయెత్తు కట్టమంటే కట్టేది, ఉపవాసం ఉండమంటే ఉండేది. చూస్తుండగానే చిక్కిపోయింది. మా నాన్నకు బజారులో తమలపాకుల అంగడి. చెడ్డవాడు కాదు, కానీ అక్క ముందు నోరు లేవదు.

అసలు కారణం నాకొక్కదానికే తెలుసు. కనీసం తెలుసని నేను అనుకున్నాను. మా చెల్లికి ఎనిమిదో నెలలో దాన్ని చంకనేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాను. వీధి మలుపులో పెళ్ళి ఊరేగింపులో పలకలు వాయిస్తున్న చప్పుడు వినబడింది. చంకలో పిల్ల ఉందన్న సంగతి మరిచిపోయి పరుగెత్తాను. అది జారి మెట్టు రాయి మీద పడింది. తల వెనక కొట్టుకుంది. ఎవరూ చూడలేదు. ఎందుకు ఏడుస్తోందని అమ్మ అడిగితే ఆకలికి అని చెప్పాను. ఆ తర్వాత అది మాట్లాడని ప్రతి నెలా ఆ మెట్టు రాయి నాకు కనబడేది. నేను దాన్ని మళ్ళీ ఎత్తుకోలేదు. అమ్మను అందరూ తిడుతుంటే నోరు విప్పి చెప్పాలనిపించేది, చెప్పలేకపోయేదాన్ని. నా బదులు మా అమ్మ మాటలు పడుతోందని తెలిసీ ఊరుకున్నాను. పదేళ్ళ పిల్లకు అంతకంటే బరువు ఇంకేముంటుంది?

ఒకరోజు పొద్దున మేనత్త మదనపల్లె నుంచి బస్సు దిగి తీర్పు చెప్పేసింది. అమ్మను, చెల్లిని రామకుప్పం దగ్గర మా అమ్మ పుట్టినూళ్ళో వదిలిపెట్టాలి. ఆ పిల్ల సరయ్యేదాకా వాళ్ళు అక్కడే ఉండాలి. సరికాకపోతే ఏమిటన్నది ఆమె చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. మా నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. అమ్మ లోపల సంచిలో బట్టలు సర్దుతూ, మమ్మల్ని కాసేపు అవ్వ దగ్గర కూర్చోమని పంపింది. నేను మాత్రం బడి ఉంది కాబట్టి నాన్న దగ్గరే ఉండాలట.

అవ్వ ఇల్లు పక్క సందులో. పెరట్లో నీళ్ళు కాగుతున్నాయి. మమ్మల్ని చూసి అవ్వ పీట వేసుకుంది. కాళ్ళు బారచాపి, నాలుగేళ్ళ పిల్లను ఆ కాళ్ళ మీద కూర్చోబెట్టుకుంది. "నాకు సేతులు నొస్తాండాయి, నువ్వు పొయ్యి" అని చెంబు నా చేతికిచ్చింది. నేను చెంబు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆవిడ మళ్ళీ అంది, "పొయ్యమ్మా, సల్లారిపోతాండాయి నీళ్ళు." నేను నీళ్ళు ముంచాను, రెండడుగులు వేశాను, చెంబు జారి కింద పడింది. దాంతోపాటు నా నోటి నుంచి మాట కూడా జారింది. నేను ముట్టుకుంటే చెల్లికి ఇంకా ఏమైనా అవుతుందని ఏడుస్తూ చెప్పేశాను. పలకల చప్పుడు, పరుగు, మెట్టు రాయి, ఆకలని చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పేశాను.

అవ్వకు ఆశ్చర్యం కలగలేదు. "బొప్పి కట్టింది నా సేతికి తగల్లేదనుకుంటివా?" అంది. "మర్సటి దినం తల రుద్దతా ఉంటే తగిలింది. నిమ్మకాయంత ఉన్నింది. మూడు దినాలు వెన్న రాస్తి, పోయింది. పిల్లోళ్ళు పడతారు, బొప్పులు కడతారు, అది ఎవురికైనా సెప్పే సంగతా అని ఊరుకుంటి. నువ్వు దాన్ని ఇన్నేండ్లు కడుపులో పెట్టుకోని ఉండావని నాకు తెల్దమ్మా. ఆపొద్దే నిన్ను పిల్సి సెప్పల్సింది. తప్పు నాది."

పెద్దవాళ్ళు ఎవరైనా నా ముందు తప్పు నాది అనడం నేను వినడం అదే మొదటిసారి. ఏడుపు ఆగిపోయింది.

అప్పుడు అవ్వ తానే చెంబు తీసుకుని మా చెల్లి భుజం మీద నీళ్ళు పోసింది. ఎవరు ముట్టుకున్నా బిగుసుకునే పిల్ల కళ్ళు సగం మూసుకుని మెత్తగా కూర్చుంది. తర్వాత తుండుగుడ్డ ఆనించింది. వెంటనే పిల్ల బిగుసుకుంది. గుడ్డ తీసేసి పాత చీర ముక్క వదులుగా కప్పితే మళ్ళీ మెత్తబడింది. "సూస్తివా? పదకొండో దినం నీళ్ళు పోసినప్పుడూ ఇట్లే ఉన్నింది. గుడ్డతో తుడిస్తే గుక్కపట్టేది. అందుకే దీన్ని ఎప్పుడూ తుడవలే నేను, ఎండలో పండబెట్టి ఆరబెడతా ఉంటి. నువ్వు పడేసింది ఎనిమిదో నెలలో. దానికి ముందునుంచే ఈ బిడ్డ ఇట్లా బిడ్డ. పుట్టడమే ఇట్లా పుట్టింది. యాలంటే నాకు తెల్దు. ఎవురు సేసిందీ కాదని మాత్రం తెల్సు."

నేను కళ్ళు తుడుచుకుంటుంటే నవ్వింది. "నీకూ నేనే కదా పోసింది. ఒక్క గడియ నా కాళ్ళ మీద నిలిస్తివా నువ్వు? సేప మాదిరి జారిపోతా ఉంటివి. నిన్ను పట్టుకునేదానికి ఇంకో మనిషి కావల్ల. నువ్వూ పుట్టడమే అట్లా పుడితివి. బుద్ధి లేక కాదు."

నన్ను పొగరనీ, పట్టించుకోదనీ అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. బుద్ధి లేక కాదు అన్న మనిషి ఆవిడే. ఆ మాటకు నాకెంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

అవ్వ తడి కాళ్ళతోనే లేచింది. చెల్లిని నా చంకనెక్కించింది. ఎత్తుకోనని నేను గింజుకుంటే, పక్కనే నడుస్తూ నా మోచేయి పట్టుకుంది. మా ఇంటి వసారాలో మేనత్త, నాన్న, ఇద్దరు పక్కింటివాళ్ళు కూర్చుని ఉన్నారు. అవ్వ కూర్చోలేదు.

"అప్పా, ఈ బిడ్డకు మొదటి దినం నుంచి నీళ్ళు పోసిన మనిషిని. నన్ను ఒక్కరన్నా అడిగితిరా?" అని మా నాన్నను నిలదీసింది. పదకొండో రోజు సంగతి, తుండుగుడ్డ సంగతి అందరికీ చెప్పింది. మేనత్త గ్రహణం మాట ఎత్తబోయింది. "గ్రాణం దినం గడప దాటింది నిజమే. ఆపొద్దు ఈ వీదిలో ముగ్గురు కడుపుతో ఉండారమ్మా. ముగ్గురూ బిందెలెత్తుకోని కొళాయికాడికి పోయినారు. ఆ ఇద్దరి బిడ్డలు ఆడ వీదిలో గోళీలాడతాండారు, పోయి సూసిరా. తల్లి సేసిన పాపమైతే మూడిండ్లలోనూ ఉండల్ల కదా?" మేనత్త వీధి వైపు తల తిప్పింది. "ఎవురు సేసినారని నాలుగేండ్లు ఎతికినారు. ఈ బిడ్డకు ఏం సరిపోతాదో ఎతకండి ఇంక. నీళ్ళంటే ఇష్టం, సద్దు పనికిరాదు, గట్టిగా పట్టుకుంటే పనికిరాదు. నాకు తెల్సింది ఇంతే. మిగతాది ఇంట్లో ఉండేవాళ్ళు సూసుకోవల్ల."

బొప్పి మాట ఒక్కటే చెప్పలేదు. అది నాకు, తనకు మధ్య ఉంచేసింది.

నాన్న లేచి నిలబడ్డాడు. తర్వాత మేనత్త వైపు తిరిగి, "వాళ్ళు యాడికీ పోరక్కా" అన్నాడు. అక్క ముందు నోరు లేవని మనిషి అన్నాడు ఆ మాట. మేనత్త ఆ మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయి రెండేళ్ళు మా గడప తొక్కలేదు. ఆ రెండేళ్ళు మేము చాలా ప్రశాంతంగా ఉన్నామని ఇప్పుడు చెప్పినా ఆవిడ ఏమీ అనుకోదు లెండి.

ఆ సాయంత్రం అమ్మ సంచిలోంచి బట్టలు తీసి దండెం మీద వేస్తుంటే నేనే వెళ్ళి బొప్పి సంగతి చెప్పాను. కొడుతుందనుకున్నాను. చేతిలో ఉన్న చీర కింద పడేసి నన్ను దగ్గరికి లాక్కుంది. "ఇన్నేండ్లు నువ్వొక్కదానివే ఉంటివా దీంతో" అని ఇద్దరి తరఫునా తానే ఏడ్చింది.

మా చెల్లి ఏడో ఏట మాటలు మొదలుపెట్టింది. ఎక్కువగా మనమన్నదే తిరిగి అనేది, తర్వాత తర్వాత తన మాటలూ వచ్చాయి. నాన్న దాన్ని రోజూ మధ్యాహ్నం, బజారు సద్దుమణిగాక, అంగడికి తీసుకెళ్ళేవాడు. తమలపాకులను తొడిమలన్నీ ఒకవైపు ఉండేలా అది పేర్చేది. ఇప్పుడు మదనపల్లెలో నా దగ్గరే ఉంటుంది. పొద్దున్నే గంటసేపు స్నానం చేస్తుంది, నేను తలుపు తట్టను. చిన్నప్పటి కష్టాలన్నీ పోయాయని చెప్పను. పిండిమర పోయి మిక్సీ వచ్చింది, అంతే. దాన్ని వేసే ముందు ఇప్పటికీ చెప్పి వేస్తాను.

ఈ మధ్య కుప్పంలో ఉండే మా అమ్మాయి, నాలుగేళ్ళ కొడుకును రైల్లో బెంగుళూరు తీసుకెళ్ళి చూపించింది. ఆటిజం అన్నారు, ఏడీహెచ్‌డీ లక్షణాలు కూడా ఉన్నాయన్నారు. ఇవి పుట్టుకతో ఉండేవి, వంశంలో నడుస్తుంటాయి, పెంపకం వల్ల రావు అని డాక్టరమ్మ వివరంగా చెప్పిందట. అవ్వ వేడి నీళ్ళ చేత్తో కనిపెట్టినదే కదా అనుకున్నాను. అయినా మా ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మాయి, అల్లుడు మళ్ళీ అదే వెతుకులాట మొదలుపెట్టారు. ఫోను ఇచ్చినందుకా, ఉద్యోగం మానకపోవడం వల్లనా అని. మీ ఇద్దరిలో ఎవరూ చేసింది కాదని చెప్పి కూర్చోబెట్టాను. కానీ నా కళ్ళు అప్పటికే వాళ్ళ మీద లేవు.

తలుపు వెనక వాడి అక్క, మా మనవరాలు నిలబడి ఉంది. తొమ్మిదేళ్ళది. మాటలన్నీ వింటోంది. ఒక బిడ్డ గురించి పెద్దవాళ్ళు గొంతులు తగ్గించి మాట్లాడుకునే ఇంట్లో, నేను ముందు ఆ ఇంకో బిడ్డ ఎక్కడుందో చూస్తాను. అవ్వ పెరట్లో ఆ రోజు నుంచి నాకు పట్టుకున్న అలవాటు ఇది. చేయి పట్టుకుని మిద్దె మెట్ల మీదకు తీసుకెళ్ళి, తమ్ముడి విషయంలో నీకేమైనా భయంగా ఉందా అని అడిగాను. లేదని తల ఊపింది. నేను లేవలేదు. చాలాసేపటికి నా కొంగు అంచు మెలితిప్పుతూ, "వాడు కడుపులో ఉన్నప్పుడు నాకు తమ్ముడు వద్దని దేవునికి సెప్పినాను అవ్వా" అంది.

నీవల్ల కాదు అని చెప్పాను. నమ్మలేదు. మళ్ళీ చెప్పాను. రోజూ ఫోనులో చెబుతున్నాను. తను నమ్మేదాకా చెప్పే ఓపిక నాకుంది. అది నాకు అవ్వ ఇచ్చి పోయింది.