ప్లగ్గు బావ పగ

మా బావని ఊళ్ళో అందరూ ప్లగ్గు అంటారు. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. కరెంటుతో ఆయనకి ఏ సంబంధమూ లేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా స్టూలెక్కేది మా అక్కే.

ఆ పేరు పెట్టింది ఒక గిటారిస్టు. ముప్ఫై ఏళ్ళ కిందట, మైదానంలో, ఊరంతా వినేలా, మైకులో.

అప్పట్లో రాక్ గిటార్ అంటే ఆయనే. బావకి ఆయనంటే పిచ్చి. దగ్గర్నించి చూడొచ్చని, కచేరీ రోజున వైర్లు మోసే పనికి తనంతట తనే కుదిరాడు. మంచి పాట మధ్యలో స్పీకర్లు ఆగిపోయాయి. ఎవరి కాలు తగిలిందో, ప్లగ్గు ఊడి నేలమీద పడుంది. బావ పరుగెత్తి దాన్ని తీసి సాకెట్లో పెట్టబోతున్నాడు. సరిగ్గా అప్పుడే లైటు ఆయన మీద పడింది. చేతిలో ప్లగ్గు, తెరిచిన నోరు.

"దొరికాడు నా శత్రువు! ఇవాళ్టినించీ వీడి పేరు ప్లగ్గు!" అన్నాడు గిటారిస్టు. మైదానం మైదానమంతా పగలబడి నవ్వింది.

"పీకలేదండీ, పెడుతున్నాను" అన్నాడు బావ. మైకు లేనివాడి మాట ఎవరు వింటారు?

అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. ఆయన పెళ్ళిలో మైకు కీచుమంటే జనమంతా పెళ్ళికొడుకు వంక చూశారు. కూతుర్ని బళ్ళో చేర్చిన రోజున మేష్టారు "ఓహో, మన ప్లగ్గు గారి అమ్మాయా!" అని మురిసిపోయారు. వీధిలో కరెంటు పోతే "ఏం ప్లగ్గూ, మళ్ళీ నువ్వేనా?" అని ఫోన్లు. బావ నవ్వేవాడు. నవ్వి, లోపలికెళ్ళి కళ్ళజోడు స్క్రూలు అవసరానికి మించి బిగించేవాడు.

మొన్నీమధ్య ఆ గిటారిస్టు మళ్ళీ వస్తున్నాడని తెలిసింది. డెబ్భై దాటాయి, ఇప్పుడు మైదానాలు పిలవడం లేదు. ఫర్నిచర్ షాపు మేడమీద హాలు, నలభై ప్లాస్టిక్ కుర్చీలు.

"ఒరే బావమరిదీ, మొదటి వరసలో, గోడవైపు మూడు సీట్లు తీసుకో" అన్నాడు బావ.

"గోడవైపునించి ఆయన సగమే కనిపిస్తాడు బావా."

"ఆయనెవడిక్కావాలి? ఆ గోడకి సాకెట్ ఉంది."

సోఫా చూసే వంకతో వెళ్ళి హాలంతా పరిశీలించి వచ్చాడట. మొహమాటానికి సోఫా కూడా కొనేశాడు, అది వేరే బాధ.

"డెబ్భై ఏళ్ళాయన మీద పగేమిటండీ?" అంది అక్క.

"పగకి రిటైర్మెంటు లేదే. రసపట్టులో ఉండగా పీకుతాను. తెల్లమొహం వేసుకుని చూస్తాడు. అప్పుడు లేచి చెప్తాను. 'ఆవేళ పెట్టాను. ఇవాళ పీకాను. తేడా చూసుకో' అని." షాపులో ఉన్న అద్దాలన్నిటి ముందూ ఈ మాటలు సాధన చేశాడు.

ఆదివారం సాయంత్రం వెళ్ళాం. వచ్చినవాళ్ళందరూ మా ఈడువాళ్ళే. పాత నల్ల టీషర్టులు పొట్టలమీద బిక్కుబిక్కుమంటున్నాయి. సగంమంది బావ కస్టమర్లు. "ప్లగ్గూ, ఈసారైనా దూరంగా కూర్చోవయ్యా!" అని వెనకనించి ఒకడు అరవనే అరిచాడు. బావ పళ్ళు కొరకడం నాకు వినిపించింది.

గిటారిస్టు వచ్చాడు. తెల్లటి పిలక, బక్కపలచటి మనిషి, ఒకరి చెయ్యి పట్టుకుని మరీ వేదిక ఎక్కాడు. కానీ గిటార్ మెళ్ళో పడగానే నడుం నిటారుగా అయిపోయింది. ఉన్నమాట చెప్పాలి, బాగా వాయించాడు. బావ కాలు దానంతటది తాళం వేయడం మొదలెడితే, రెండో కాలితో దాన్ని తొక్కిపట్టాడు. ఒక్క సంగతి మాత్రం వింతగా ఉంది. గిటారిస్టు చూపెప్పుడూ డ్రమ్ములు వాయించే ఆవిడ చేతులమీదే.

ఆఖరికి అందరూ ఎదురుచూస్తున్న పాట వచ్చింది. గిటారిస్టు కళ్ళు మూసుకుని ఒంటరిగా అందుకున్నాడు. డ్రమ్ములావిడ కూడా చేతులు దించేసింది. బావ బూటులేసు కట్టుకునేవాడిలా వంగి, పీకేశాడు.

స్పీకర్లు చచ్చిపోయాయి.

బావ ప్లగ్గుతో సహా లేచి నిలబడ్డాడు. కానీ గిటారిస్టు ఆగలేదు. కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. తీగల టికటిక తప్ప హాల్లో చప్పుడు లేదు. మొహంలో మాత్రం స్వర్గం. తిట్టడానికి వెళ్ళిన ఇంటికి తాళం కనిపించినట్టుగా నిలబడిపోయాడు బావ.

"పెట్టేయండి, పెట్టేయండి" అని అక్క ఆయన చొక్కా లాగింది.

"ఉండవే. చూడనీ." అంతలోనే బావ గొంతు మారిపోయింది. "ఒరే, ఈయనకి వినపడదురా. మా షాపుకీ వస్తారు ఇలాంటివాళ్ళు. బోర్డుమీది అక్షరాలు కనిపించవు. బట్టీపట్టి, ఆఖరి వరసదాకా గడగడా చదివేస్తారు."

పాట అయిపోయింది. గిటారిస్టు చప్పట్లకోసం కళ్ళు తెరిచాడు. బిగుసుకుపోయిన నలభై మొహాలు. ఎదురుగా ప్లగ్గు పట్టుకున్న మనిషి. వెనక్కి తిరిగి స్పీకర్ పెట్టె చూశాడు. ఎర్రలైటు లేదు. కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది భయం. మైకుకి దూరంగా వంగి, బావని మెల్లిగా అడిగాడు.

"ఎంతసేపయింది?"

'మొదట్నించీ' అంటే చాలు, ముప్ఫై ఏళ్ళ బాకీ తీరిపోతుంది. బావ పెదాలు 'మొ' దాకా రావడం నేను కళ్ళారా చూశాను.

"ఇప్పుడే సార్!" అని ఆయనకి వినపడేలా అరిచాడు బావ. "ఇప్పుడే! నా కాలు తగిలింది!"

నిజం నలభైమందికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. ముసలాయన మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. నెత్తురుతోపాటు పాత పొగరు కూడా వచ్చింది. బావ ప్లగ్గు మళ్ళీ పెట్టగానే మైకు అందుకున్నాడు.

"చూశారా! ఊరికొకడుంటాడు! ముప్ఫై ఏళ్ళ కిందట ఎక్కడో ఇలాంటివాడికే ప్లగ్గు అని పేరు పెట్టాను. వీడు వాడి తమ్ముడై ఉంటాడు!"

హాలు కూలిపోయేంత నవ్వు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆగలేదు, ఏం చేయను?

ఇంటి గుమ్మంలో "అనేయాల్సింది" అన్నాడు బావ.

"అనలేకపోయారుగా" అంది అక్క.

"ఆ మొహం చూశాక నోరు రాలేదే. వాడికి మాత్రం ఎంత బాగా వచ్చిందో చూశావా? ఎక్కడోనట! ఏ ఊరో కూడా గుర్తులేదట వెధవకి!" చెప్పు విప్పి గోడకేసి కొట్టాడు. "మళ్ళీ రానీ. ఈసారి ప్లగ్గు జోలికే వెళ్ళను. వాడి చెవుల సంగతి నిండుసభలో చెప్పేస్తాను."

మర్నాడు నేను షాపులో ఉండగా, నిన్న వెనకనించి అరిచిన పెద్దమనిషి కళ్ళజోడు బిగించుకోవడానికి వచ్చాడు.

"ఏమయ్యా డబల్ ప్లగ్గూ, పాపం ముసలాయనకి బొత్తిగా వినపడదు కదూ?"

బావ తలెత్తలేదు.

"ఎవరన్నారు? ప్లగ్గు అప్పుడే ఊడిందని చెప్పానా లేదా? నీకే వినపడనట్టుంది, చూపించుకో."

అని స్క్రూ ఇంకో చుట్టు తిప్పాడు. అద్దం టప్పున పగిలింది.