ముడతాకుల నారు

ఈ సంగతి జరిగినప్పుడు నాకు రాయడం రాదు. బడికి వెళ్లాల్సిన వయసులో నేను కృష్ణ ఒడ్డున లంకల్లో, మిరప నారుమళ్ల దగ్గర మా అమ్మ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాను. తర్వాత పెళ్లి, పిల్లలు, వాళ్ల చదువులు. అరవై దాటాక మా వీధి చర్చి వరండాలో సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెబుతున్నారని తెలిసి వెళ్లాను. అక్షరాలు వచ్చాయి గానీ, ఇది మాత్రం చాలాకాలం రాయలేదు. రాద్దామని కూర్చుంటే మా అమ్మ గురించో, గోదాముల వెనక మేం అద్దెకున్న ఇంటి గురించో రాసేసి లేచేదాన్ని. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మాది ఇబ్రహీంపట్నం. మా ఆయన కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. మేడ మీద నాకు కుండీలు, పాత పెయింటు డబ్బాలు, ఒక పగిలిన స్నానాల తొట్టి ఉన్నాయి. గాలి ఇటు తిరిగిన రోజున ఆకుల మీద సన్నగా బూడిద పడుతుంది. తెల్లారి తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడుచుకోవాలి. మాలాగా మేడల మీద మొక్కలు పెంచుకునేవాళ్లం కొంతమందిమి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. మిగతావాళ్లు టైపు కొట్టేవారు. నేను మాట రికార్డు చేసి పంపేదాన్ని. నా మాటలు పొడుగ్గా ఉంటాయనీ, వంట చేసుకుంటూ వింటే కూర అయ్యేసరికి అవి కూడా అవుతాయనీ నవ్వేవారు.

గ్రూపులో అందరికీ పెద్ద దిక్కు ఒక సిస్టరు గారు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు, విజయవాడలో ఒక్కరే ఉంటారు. ఆవిడకొక కోరిక ఉండేది. మన నాటు టమాటాకుండే పులుపు ఇంకే టమాటాకీ రాదు. కానీ ఆ మొక్క గుండెల దాకా పెరిగి, కర్రలు కట్టినా వాలిపోతుంది. అదే పులుపు జానెడు మొక్కకి కాయించాలని ఆవిడ పట్టుదల. ఆవిడ దగ్గర ఎవరో ఇచ్చిన పొట్టి టమాటా ఒకటి ఉండేది. పెరుగు డబ్బాలో పట్టేది, గోళీలంత కాయలు కాసేది, నోట్లో వేసుకుంటే చప్పన. ఆసుపత్రి ఫోర్సెప్సుతో నాటు మొక్క మొగ్గ విప్పి, లోపలి పుప్పొడి గొట్టం తీసేసి, పొట్టిదాని పుప్పొడి గోటి మీద రాల్చుకుని అద్దారు. పసిపిల్లకు చుక్కల మందు వేసినంత జాగ్రత్తగా.

అలా కాసిన కాయల్లో గింజలు మొలిస్తే అన్నీ పొడుగే వచ్చాయి. వన్ టౌన్‌లో గాజుల షాపున్న భాయ్ గారు ఊరుకుంటారా? "సిస్టరు గారూ, పెళ్లి చేశారు గానీ పిల్లలన్నీ తల్లి పోలికేనండీ!" అన్నారు.

"పొట్టితనం మొదటి కాన్పులో బయటపడదు భాయ్. వీటి కాయల్లో గింజలు వేస్తే అప్పుడు పడుతుంది. నాలుగింట ఒకటి."

అందరికంటే తొందర భాయ్ గారికే. వాళ్ల ఇల్లు షాపు మీద. మట్టి పెట్టుకోవడానికి వంటింటి కిటికీ గ్రిల్లు తప్ప జాగా లేదు. ఆ గ్రిల్లులో పట్టే మొక్క ఇస్తే వాళ్లావిడ పొయ్యి దగ్గర నుంచునే కాయ కోసి పప్పులో వేసుకుంటుందని ఎప్పుడూ అనేవారు.

ఈలోగా తెల్లదోమ పడింది. ఆకుముడత వచ్చి ఒక్కో మేడా ఖాళీ అయింది. సిస్టరు గారు తన మొక్కల్ని వెంటనే పీకలేక, ఒకటి రెండు రోజులు చూద్దామని మందులు కొట్టుకుంటూ కూర్చున్నారు. నాకు కోపమొచ్చింది. గ్రూపులో అందరూ వినేట్టు మాట పెట్టాను. "జబ్బు మొక్కని రోగిలాగా కూర్చోబెట్టి చూస్తారేంటండీ సిస్టరు గారూ? ముడత కనపడగానే పీకి పొయ్యిలో పెట్టాలి. మీ జాలి మా మేడల మీదకొచ్చి పడింది."

ఆ ముడతలో పొట్టి తండ్రి మొక్క కూడా పోయింది. పొడుగు పిల్లల్లో ఒకదాని నుంచి రెండు కాయలు దక్కాయి. ఆ గింజలు చిటికెడు. మళ్లీ మొదలుపెట్టడానికి తండ్రి మొక్క లేదు కాబట్టి, ఉన్నదంతా ఆ చిటికెడులోనే ఉంది. దాన్ని ఆవిడ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"నారు పోయడం మీకు తెలిసినట్టు మాకెవరికీ తెలీదు వదిన గారూ. పొట్టివి పట్టి ఉంచండి."

"మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. మా లంకల్లో నేను ఏరిన నారుమడిలో ఒక్క గిడసబారిన మొక్క కూడా మిగిలేది కాదని అన్నాను. ఒక షరతు కూడా పెట్టాను. కాయ పడేదాకా ఎవరూ మొక్క ఫొటో గ్రూపులో పెట్టకూడదు, దిష్టి. ముడత వచ్చింది దాని వల్లేనని నా నమ్మకం. సిస్టరు గారు నవ్వి, "సరే, మీ మాట ప్రకారమే," అన్నారు. మిగతావాళ్లూ సరేనన్నారు.

కొబ్బరిపొట్టు నింపిన ట్రేల్లో గింజలు వేశాను. బాగా మొలిచాయి. రెండాకుల తర్వాత అసలు ఆకులు వచ్చేసరికి కొన్ని మొలకలు తేడాగా కనపడ్డాయి. ఎదుగుదల లేదు. కాడ మొద్దుగా, ఆకులు దళసరిగా, నల్లపచ్చగా, అప్పడం కాలినట్టు ముడుచుకుని ఉన్నాయి. మళ్లీ ముడత! ఒక్క క్షణం ఆలోచించలేదు. నారు ఏరేటప్పుడు వేళ్లు వాటంతట అవే పోతాయి. మా అమ్మ చేయి కూడా అంతే. గిడసబారిందాన్ని పట్టుకో, లాగు, పక్కన పడెయ్. అన్నిటినీ లాగి పొయ్యిలో పెట్టాను. మిగిలినవి నిటారుగా, లేతగా, కళకళలాడుతున్నాయి. వాటిలోంచే పొట్టివి తర్వాత తేలతాయని అనుకున్నాను. అలా ఎలా అనుకున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అంతకు ముందు ఆ తండ్రి మొక్కను సిస్టరు గారింట్లో నేను కళ్లారా చూశాను. "దీనికీ తగిలిందండీ, చూడండి ఆకులు," అని కూడా అన్నాను. "లేదు వదినా, దాని పుట్టుకే అంత," అని ఆవిడ చెప్పారు. విన్నాను. కాఫీ తాగి వచ్చేశాను.

నారు చేతికి రాగానే బస్సుల్లో తిరిగి నేనే ఇంటింటికీ ఇచ్చి వచ్చాను. ప్రతిచోటా, "ముడత తగిలినవి మొదట్లోనే పీకేశాను, ఇక భయం లేదు," అని చెప్పుకున్నాను. ఎవరికీ అనుమానం రాలేదు. సిస్టరు గారు కూడా తెగులు సంగతే అనుకున్నారట.

కాయలు పండాక ఒక ఆదివారం అందరూ మా మేడ మీదకి వచ్చారు. తలా రెండు కాయలు తెచ్చుకుని, ముక్కలు కోసి, ఉప్పు అద్దుకుని రుచి చూడటం మా గ్రూపు అలవాటు. కాయలు పుల్లగా అదిరిపోయాయి. నేను అందరికీ మజ్జిగ పోస్తూ గొప్పగా తిరుగుతున్నాను.

భాయ్ గారు ముక్క చప్పరిస్తూ అన్నారు. "రుచికి వంక లేదక్కయ్యా. కానీ మాకిచ్చింది గ్రిల్లు దాటి పైవాటా వాళ్ల బాల్కనీలోకి పోయింది. నీళ్లు మేం పోస్తున్నాం, కాయలు వాళ్లు కోస్తున్నారు. పొట్టివి ఎవరికి తగిలాయో వాళ్లు నాకొక మొక్క ఇవ్వాలి మరి."

"మాది కూడా పొడుగేనండీ," అంది పటమటలో ఉండే టీచరమ్మ. "సిస్టరు గారికి వచ్చుంటాయని అనుకున్నా."

"నాకు రాలేదు," అన్నారు సిస్టరు గారు. "వదిన గారి దగ్గర ఉన్నాయనుకున్నాను."

అందరూ నా కుండీల వైపు చూశారు. నావి నా భుజం దాకా ఉన్నాయి. ఫోన్లు తీసి ఫొటోలు చూపించుకున్నారు. ఏ ఇంట్లో చూసినా కర్రలు, తాళ్లు. ప్రతివాళ్లూ పొట్టిది పక్కవాళ్లకి తగిలిందనుకుని ఇన్నాళ్లూ ఊరుకున్నారు. నా దిష్టి షరతు వల్ల ఎవరిది ఎవరూ చూడలేదు.

సిస్టరు గారు మెల్లగా అడిగారు. "వదినా, మీరు పీకేసిన మొలకలు ఎలా ఉన్నాయి?"

చెప్పాను. దళసరి ఆకులు, మొద్దు కాడ, నల్లపచ్చన. చెబుతూ ఉండగానే నాకు ఆవిడింట్లో పెరుగు డబ్బా, అందులో మొక్క కళ్లముందుకొచ్చాయి. మధ్యలో ఆపేశాను. మజ్జిగ జగ్గు నా చేతిలోనే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"అవేనా?" అన్నాను.

ఆవిడ తల ఊపారు.

భాయ్ గారు కూడా జోకు వేయలేదు. అంతదాకా తిన్న వేరుశనక్కాయల తొక్కలు ఒకచోటికి చేరుస్తూ కూర్చున్నారు. సిస్టరు గారే మాట్లాడారు. "తప్పు నాది. ఆకు ఎలా ఉంటుందో గింజలిచ్చిన రోజే గట్టిగా చెప్పాల్సింది." చెప్పారని మా ఇద్దరికీ తెలుసు. అందరి ముందూ ఆవిడ ఆ మాట అంటుంటే నాకు నేల చీలితే బాగుండుననిపించింది. జబ్బు మొక్కని రోగిలా చూస్తున్నారని ఇదే మనిషిని అందరూ వినేట్టు కడిగేశాను కదా.

తర్వాత ఆవిడ అందరికీ చెప్పారు. ఈ పొడుగు మొక్కల్లో చాలావాటి లోపల పొట్టితనం దాగే ఉంటుందట. ఎందులో ఉందో బయటికి తెలీదు కాబట్టి, ఏ మొక్కనీ పీకకుండా అన్నిటి గింజలూ విడివిడిగా తీసి మళ్లీ వేసుకుంటే కొన్నిట్లో పొట్టివి తేలతాయట. ఇంకో ఏడాది పడుతుంది. కానీ ఈ గింజలు కూడా పోతే ఇక లేనట్టే.

"నారు వదిన గారే పోస్తారు," అన్నారు.

"నా వల్ల కాదండీ. ఇంకెవరికన్నా ఇవ్వండి," అని గ్లాసులు తీసుకుని కిందకి వచ్చేశాను. వాళ్లు మెట్లు దిగుతుంటే వంటింట్లో పంపు తిప్పి ఉంచాను. వెళ్లొస్తామని ఎవరైనా పిలిచినా వినపడకూడదని.

అన్నం దగ్గర మా ఆయన అన్నారు. "పీకినందుకు ఏడుస్తున్నావా, వాగినందుకా?"

"మీరు ఊరుకోండి."

"మొక్కలు మళ్లీ వస్తాయన్నారుగా ఆవిడ. మళ్లీ పోయమంటే పొయ్యనన్నావంటే, ఆవిడ మీద ఇంకో బరువు పెట్టినట్టే గదా. నీ మొహం చూపించుకోలేక ఆవిడ పని ఆపుతావా?"

కంచంలో నీళ్లు పోసుకుని లేచాను.

మర్నాడు పొద్దున్నే మేడెక్కి, నా పొడుగు మొక్కల్లో పండిన కాయలన్నీ కోశాను. ఒక్కో మొక్క కాయల్ని ఒక్కో కవరులో వేసి కట్టాను. నారు ట్రేలు కడిగి, ఒకదాంట్లో ఒకటి పెట్టి, పాత చీర ముక్కతో మూటకట్టి బస్సెక్కాను. సిస్టరు గారు తలుపు తీసేసరికి నైటీ మీద తువ్వాలు కప్పుకుని ఉన్నారు. నన్నూ మూటనూ చూసి, "ఏంటి వదినా, ఇంత పొద్దున్నే?" అన్నారు.

"మిమ్మల్ని గ్రూపులో అన్న మాటలకి ముందు క్షమించమని అడగాలి," అన్నాను. "ఇవాళే గ్రూపులో కూడా చెబుతాను, అందరూ వినేట్టు. నారు మీ మేడ మీదే పోద్దాం. నేనొచ్చి నీళ్లు పోస్తాను, నీడ కడతాను, దోమ రాకుండా చూస్తాను. ఏరడం మాత్రం మీరు ఏరండి. నా వేళ్లు అందులో పెట్టనివ్వకండి."

ఆవిడ మూటకి రెండో వైపు పట్టుకున్నారు. ఇద్దరం మెట్లెక్కాం. పైన గిన్నెల్లో నీళ్లు పోసి, ఒక్కో కవరు విప్పి, కాయల్ని పిసికి గింజలు ఒక్కో గిన్నెలోకి విడిగా వదిలాను. ఆవిడ గిన్నెలకు నంబర్లు వేసి, ఏ గిన్నె ఏ మొక్కదో చెబుతూ ఉంటే నేను ఎదురు మాట్లాడకుండా విన్నాను.