తేనెటీగలకు చెప్పిన అబద్ధం

దయ్యాల కబుర్లు మొదలైతే నాకు ఆవులింతలొస్తాయి. పాల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నా ఉద్యోగం. పరీక్షకు దొరకనిది లేనట్టే లెక్క అనుకునే మనిషిని. ఇదంతా చదివాక నన్ను కూడా ఆ కబుర్లు చెప్పేవాళ్ళ జట్టులో కలిపేస్తారేమోనని ముందే చెప్పుకుంటున్నాను.

టకానిని అనే ఊరు దాటి పొలాల వైపు వెళ్తే డొరీన్ ఆంటీ ఇల్లు వస్తుంది. వెనకాల ఉన్న చిన్న ఫ్లాట్‌లో నేనూ మా ఆయన సుధీరూ అద్దెకుండేవాళ్ళం. మేం వలస వచ్చిన ఈ దేశంలో ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాక ఆంటీ అన్నాను. తనకు మేనకోడళ్ళు లేని లోటు తీరిందని ఆవిడ నవ్వారు.

ఆవిడకు ఒకటే పిచ్చి, ఇంగ్లండ్‌లోని తన పూర్వీకుల ఊరు. ఒక రాతి చర్చి, దాని చుట్టూ గుప్పెడు ఇళ్ళు, గొర్రెలు మేసే పొలాలు. ఆవిడ ఆ ఊరిని ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఏ ఇంటి పిల్లను ఏ ఇంటికిచ్చారో, చర్చి గంట ఎలా బీటలు వారిందో, నిన్ననే చూసొచ్చినట్టు చెప్పేవారు. శనివారం సాయంత్రాలు టీ తాగుతూ వినేదాన్ని. అందులో సగం నా బుర్రకెక్కేది కాదు. ఆవిడ టీలోకి చేసే స్కోన్లనే మెత్తటి రొట్టెల కోసం వెళ్ళేదాన్ని, దాచడమెందుకు.

ఒక్క కథ మాత్రం మనసులో ఉండిపోయింది. ఆ ఊళ్ళో ఇంటి పెద్ద చనిపోతే, ఇంట్లో ఒకరు తాళంచెవితో తేనెపెట్టెను మూడుసార్లు తట్టి ఆ సంగతి తేనెటీగలకు చెప్పాలట. చెప్పకపోతే అవి నిలవవట. ఆంటీ ముత్తాత వాళ్ళమ్మ పోయినప్పుడు ఏడుపుల్లో పడి ఎవరూ చెప్పలేదు. పెట్టెలు ఖాళీ అయిపోయాయి. తేనె అమ్ముకుని బతికే ఇల్లు కావడంతో, ముత్తాత ఓడెక్కి ఈ దేశం వచ్చేశాడు. అప్పటినుంచీ ఆ కుటుంబంలో చావు కబురు ముందు వెళ్ళేది తేనెటీగలకే.

ఆంటీ పెరట్లోనూ పెట్టెలున్నాయి. తన తర్వాత అవి ఎక్కడో దూరాన జాన్సన్‌విల్‌లో ఉండే కూతురు జేన్‌కు చేరాలని ఆవిడ కోరిక. గుండె జబ్బు ముదిరాక ఒకరోజు ఇంటి తాళంచెవి, పాతకాలపు ఇనుప తాళంచెవి, నా చేతిలో పెట్టారు. సమయానికి జేన్ ఉండదు, తేనెటీగలకు నువ్వే చెప్పాలి అన్నారు. నేను మీ ఇంటి మనిషిని కాను కదా అన్నాను.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళే ఇంటి మనిషి" అన్నారు.

ఆవిడ ఆసుపత్రిలోనే పోయారు. జేన్ విమానం దిగి నేరుగా అక్కడికే వెళ్ళింది. అక్కడినుంచే నాకు ఫోన్ చేసి, అమ్మ నీకు అప్పజెప్పిన పని మరిచిపోకు అని గుర్తుచేసింది.

పెరట్లోకి వెళ్ళి తాళంచెవితో మూడుసార్లు తట్టాను. ఇంగ్లీషు ముక్క ఒక్కటీ రాలేదు. తెలుగే వచ్చింది.

"ఆంటీ ఊరెళ్ళారమ్మా. వచ్చేస్తారు."

మా నాయనమ్మ పోయినప్పుడు చిన్నపిల్లనని నాకు చెప్పిన మాటే అది. చనిపోయారనే మాట గొంతు దాటి రాలేదు. తేనెటీగలకు తెలుగు వచ్చా అని సుధీర్ ఏడిపించాడు. నవ్వాను, తర్వాత ఏడ్చాను.

మర్నాటినుంచి తేనెటీగలు మేతకు వెళ్ళడం మానేశాయి. కంచె అవతల మనూకా చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. ఇవి మాత్రం వరండాలో ఆంటీ టీ తాగే కుర్చీని పట్టుకుని కదలకుండా కూర్చున్నాయి. దగ్గరలో తేనెటీగలు పెంచే ఒకాయనను పిలిచి చూపించాను. రాణి ఈగ ఉంది, రోగం లేదు, పురుగుమందు చల్లిన జాడా లేదన్నాడు.

ఆ సాయంత్రం ఆంటీ పిల్లికి తిండి పెట్టడానికి వాళ్ళ వంటింట్లోకి వెళ్ళాను. పెరటి తలుపు మీద మూడుసార్లు తట్టిన చప్పుడు. ఇనుము చెక్కకు తగిలిన చప్పుడే అది. తాళంచెవి నా చేతిలోనే ఉంది. తలుపు తీస్తే మనిషి లేడు, చెక్క మీద తేనెటీగలు మాత్రం ఉన్నాయి. మర్నాడు సుధీర్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాను. అదే వేళకు అదే చప్పుడు. అతనూ విన్నాడు. ఆ తర్వాత నన్ను ఏడిపించలేదు.

కుర్చీ కింద చచ్చిన తేనెటీగలు పోగుపడసాగాయి. అంత్యక్రియలవగానే పెట్టెలు తీసుకెళ్ళడానికి జేన్ ట్రైలర్ వేసుకుని వస్తానంది. ఆమెకు ఖాళీ పెట్టెలు అప్పగించాల్సి వస్తుందేమోనని నాకు భయం పట్టుకుంది.

ఆ కుర్చీని చూస్తూ నిలబడితే చిన్నప్పటి మా ఇంటి గేటు గుర్తొచ్చింది. ఊరెళ్ళిన నాయనమ్మ కోసం సాయంత్రం బస్సు వేళకు అక్కడే నిలబడేదాన్ని. నా జంతికల్లో ఆమెకు వాటా దాచేదాన్ని. రాదని ఒక్కరూ చెప్పలేదు. ఇంట్లోవాళ్ళ మీద ఆ కోపం నాకిప్పటికీ పోలేదు. అదే పని వీటికి నేను చేశాను.

కుర్చీ పక్కన కూర్చుని, దాని చేతిని తాళంచెవితో మూడుసార్లు తట్టాను.

"ఆంటీ చనిపోయారు. ఇక రారు. ఎదురుచూడకండి."

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక్కొక్కటీ లేచి పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. పొద్దున లేచి చూస్తే మనూకా మీద ఉన్నాయి.

ఇప్పుడవి జాన్సన్‌విల్‌లో బాగానే ఉన్నాయి. వాతావరణం మారి ఉంటుందని ఆ పెంపకందారు అన్నాడు. అయితే కావచ్చు. తేమకు తలుపు చెక్క ఉబ్బి చప్పుడు చేసిందేమోనని సుధీర్ అంటాడు, తనకే నమ్మకం లేని గొంతుతో. తట్టింది ఎవరో నాకు తెలియదు. ఏ పరీక్షకూ అది దొరకలేదు.

ఇల్లు అమ్మేటప్పుడు తాళాలు మార్చారు. పాత తాళంచెవి నన్నే ఉంచుకోమంది జేన్. మా కొత్త ఇంట్లో స్టవ్ పక్కన మేకుకు తగిలించాను. ఆ చప్పుడు మళ్ళీ వినలేదు. ఆంటీ ఇక రారని తేనెటీగలకు చెప్పిందాన్ని నేనే. అయినా సాయంత్రం టీ పెట్టేటప్పుడు నా చెవి తలుపు వైపే ఉంటుంది.